రియూనియన్‌లో అగ్నిపర్వతం కోసం ఎగిరి మఫాత్ చూసి దిగాం

మారిషస్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు చాలామందే ఉంటారు. అక్కణ్ణుంచి ముప్పావు గంట విమానం ఎక్కితే వచ్చే రియూనియన్ దీవి గురించి అడిగితే మాత్రం, అదెక్కడ అంటారు. పోయిన సెప్టెంబర్ వరకూ నేనూ ఆ బాపతే. ఫ్రాన్స్‌ది కదా, యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసాతో పోవచ్చనుకున్నాను. కుదరదు. రియూనియన్ షెంగెన్‌లో లేదు, వీసా అప్లికేషన్‌లో దాని పేరు ప్రత్యేకంగా పెట్టుకోవాలి. ఆ ఒక్క పొరపాటుతో మా ప్రయాణం మూడు వారాలు వెనక్కి పోయింది.

మేం వెళ్ళింది ముఖ్యంగా పితో ద లా ఫుర్నేజ్ కోసం. 2,632 మీటర్ల అగ్నిపర్వతం, ఇప్పటికీ అప్పుడప్పుడూ లావా కక్కుతూనే ఉంటుంది. దాన్ని పైనుంచి చూడాలంటే రెండు దారులు. ఒకటి హెలికాప్టర్, రెండోది అక్కడివాళ్ళు యూఎల్‌ఎం అనే చిన్న విమానం. ఈ చిన్న విమానాలు ఎక్కువగా సెయింట్ పాల్ పక్కనున్న కాంబే నుంచి ఎగురుతాయి. మాకు చెప్పిన రేట్ల ప్రకారం హెలికాప్టర్ ఖర్చులో సగానికి కాస్త పైన అవుతుంది. కాకపోతే ఉండేవి రెండే సీట్లు, ఒకటి పైలట్‌ది. అంటే మొగుడూపెళ్ళాలు చెరో విమానం ఎక్కాల్సిందే. మా ఆవిడకు ఈ విషయం అక్కడికెళ్ళాక తెలిసింది. "ఏవండీ, ముందే చెప్తే రానంటానని దాచారా?" అంది. నిజం చెప్పాలంటే అవును.

బుక్ చేసేటప్పుడే బరువు అడుగుతారు. సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి, అక్కడ మళ్ళీ తూస్తారు. మొదటి రోజు పొద్దున్న ఐదున్నరకు లేచి రెడీ అయి కూర్చుంటే, కొండల మీద గాలి ఎక్కువగా ఉందని మెసేజ్ వచ్చింది. డబ్బు పోలేదు, రెండ్రోజుల తర్వాతకు మార్చారు. ఆ మెసేజ్ ఫ్రెంచ్‌లో ఉంది, ఫోన్ చేస్తే ఎత్తినావిడా ఫ్రెంచే. నాకు చిరాకు తెప్పించింది ఇంకొకటి: ఇంగ్లిష్ మాట్లాడే పైలట్ కావాలని రెండుసార్లు రాశాను. చివరికి ఆ పైలట్ మా ఆవిడకు దొరికాడు. నా పైలట్ వేలు చూపించి పేరు చెప్పడం, నేను తలూపడం, అంతే.

విమానం పొద్దున్న ఏడుకే ఎక్కాలి. తొమ్మిది దాటితే మబ్బులు లోయలు ఎక్కడం మొదలెడతాయి. నేల వదిలిన కాసేపటికే చెరుకు తోటలు అయిపోయి కొండ అడవి వచ్చింది. మైదో అనే కొండ అంచు, ఎత్తు రెండు వేల మీటర్ల పైనే. దాన్ని దాటగానే కింద నేల లేదు. వెయ్యి మీటర్ల పైచిలుకు ఒక్కసారిగా జారిపోయింది. నా కాళ్ళు వాటంతట అవే ముందుకు తన్నిపెట్టాయి, బ్రేకు ఉన్నట్టు.

అదే మఫాత్. పితో దె నేజ్ అనే 3,070 మీటర్ల పాత అగ్నిపర్వతం కూలి, వాన కోతకు కరిగి మూడు పెద్ద లోయలయ్యాయి: మఫాత్, సిలావోస్, సలాజీ. మిగతా రెండింటికీ కారులో పోవచ్చు. మఫాత్‌కు రోడ్డు లేదు. ఏడు వందల మంది దాకా అందులో ఉంటారు. బియ్యం, గ్యాస్ సిలిండర్లు, సిమెంటు అన్నీ హెలికాప్టర్‌కు వేలాడుతూ వస్తాయి, మనుషులు నడిచి వస్తారు. బానిసత్వం రోజుల్లో తోటల నుంచి పారిపోయినవాళ్ళు మొదట దాక్కున్నది ఇక్కడే. పైనుంచి చూస్తే కత్తి అంచుల్లాంటి గట్లు, వాటి మధ్య చాప పరిచినంత చదును మీద పది రేకుల ఇళ్ళు. లా నువెల్ అన్నాడు పైలట్. ఒక ఇంటి ముందు తాడు మీద ఆరేసిన బట్టలు కనిపించాయి. ఆ పక్కనే రాతి గోడ వెంట పొడుగు తోక తెల్ల పక్షి ఒకటి, మా కింద నుంచి పోయింది.

అక్కణ్ణుంచి సలాజీ మీదుగా త్రూ ద ఫేర్. అడవి మధ్యలో బావిలా దిగబడిన చీలిక, చుట్టూ జలపాతాలు. ఒక్క చుట్టు తిప్పాడు, రెక్క వంగినప్పుడు కడుపులో తిప్పింది. పొద్దున్న టిఫిన్ తినకుండా వెళ్ళడం మంచిదైంది.

ఇక అసలు అగ్నిపర్వతం. తూర్పు నుంచి మబ్బు అప్పటికే సగం కమ్మేసింది. 2007 ఏప్రిల్‌లో అడుగు 300 మీటర్లకు పైగా కూలిపోయిన దొలొమ్యూ బిలం రెండు నిమిషాలు కనిపించి మూసుకుపోయింది. నల్లటి గొయ్యి, ఒక అంచున సన్నటి ఆవిరి. గంటా పది నిమిషాల టూర్‌కు డబ్బు కట్టింది ఆ రెండు నిమిషాలకా అనిపించింది. తిరుగు దారిలో పడమటి తీరం లాగూన్ (పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ నీళ్ళు), దానికి అవతల తిమింగలం వదిలిన నీటి చిమ్మడం చూసి కాస్త మనసు కుదుటపడింది. సెప్టెంబర్‌లో అవి ఇంకా ఉంటాయి.

అందుకే ఎవరైనా అడిగితే నేను చెప్పేది: గంట టూర్ వద్దు, లోయలు మాత్రమే తిప్పే చిన్న టూర్ తీసుకోండి. అగ్నిపర్వతానికి కారు పోతుంది. మేం మర్నాడు బూర్ ముర్రా నుంచి అడవి రోడ్డులో వెళ్ళాం. ప్లేన్ దె సాబ్ల్ అనే ఎర్రమట్టి మైదానం దాటి, 2,311 మీటర్ల ఎత్తున్న పా ద బెల్‌కోంబ్ అంచున నిలబడితే లావా మైదానమంతా కాళ్ళ కింద ఉంది. పైసా టికెట్ లేదు. మెట్లు దిగి ఫార్మికా లియో అనే చిన్న ఎర్ర గుట్ట దాకా నడిచొచ్చాం. విమానానికే డబ్బు లేదనుకుంటే మైదోకు కారులో తెల్లారేసరికి చేరండి, మఫాత్ సగం అక్కడే కనిపిస్తుంది.

బస రెండు చోట్ల. మొదటి మూడు రాత్రులు సెయింట్ జిల్‌లో, లాగూన్ దగ్గర. కాంబే దగ్గరే కాబట్టి పొద్దున్నే హైరానా లేదు. కానీ రేటు చూస్తే గది చిన్నది, తిండి ఫ్రెంచ్ టూరిస్టుల కోసం వండింది. ఈత లాగూన్ లోపలే, బయట సొరచేపల భయం. తర్వాత రెండు రాత్రులు ప్లేన్ దె కాఫ్ర్‌లో ఒక ఇంటివాళ్ళ గెస్ట్ రూమ్. చలికి స్వెట్టర్ వేసుకునే పడుకున్నాం, వేడినీళ్ళు ఒకరికే సరిపోయేవి. అయినా మళ్ళీ వెళ్తే అక్కడికే పోతాను, భోజనం కోసం.

ఆ ఇంటావిడ ముత్తాతలు మద్రాసు వైపు నుంచి వచ్చారట. బోంబో పిమా అని పెట్టింది, చూస్తే పచ్చిమిర్చి వేసిన మసాలా వడ. తర్వాత అన్నంలోకి ఒక ఆకు పులుసు. "బ్రేద్ మురుంగ్" అంది. మునగాకు! నేను కాకినాడవాణ్ణి, పక్కనే యానాం అని చెప్పాను. మా ఊళ్ళో యానాం అంటే చాలామందికి మందు రేటే గుర్తొస్తుంది. ఆవిడకు ఆ పేరు వింటే గుర్తొచ్చేది వేరు. 1828లో ఈ దీవికి వచ్చిన మొదటి కూలీల జట్టు యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళు, ఇక్కడి రాతల్లో వాళ్ళను తెలింగాలు అంటారు. ఆవిడ ఇంకో గరిటె మునగాకు వేసింది. మా ఆవిడ మాత్రం పులుపు చాల్లేదని తెలుగులో నాకు చెప్పింది, నేను దాన్ని అనువదించలేదు.