దిగుడు తెలిసిన బండి: యమహా గ్రిజ్లీ 660తో నా అనుభవం

పెద్ద ఇంజిను ఉన్న ఏటీవీ (ఎలాంటి నేల మీదైనా నడిచే నాలుగు చక్రాల బండి) కనిపిస్తే అందరూ ముందు అడిగేవి రెండే: ఎంత వేగం పోతుంది, ఎంత బరువు లాగుతుంది. నేను యమహా గ్రిజ్లీ 660ని పదేళ్లకు పైగా వాడుతున్నాను. వేగం సంగతి, లాగుడు సంగతి కూడా చెబుతాను. కానీ ఈ బండిని ఇన్నాళ్లు అట్టిపెట్టుకోవడానికి కారణం అవి కావు. వెనక ట్రైలరులో బరువు పెట్టుకుని, బురద వాలు మీద థ్రాటిల్ (యాక్సిలరేటరు) పూర్తిగా వదిలేసి దిగుతున్నప్పుడు ఇది చక్రాలను ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో, ఆ పట్టే కారణం.

మేముండేది అమెరికా ఈశాన్యాన ఉన్న వెర్మాంట్ రాష్ట్రంలో. ఇంటి వెనక కొండవాలు మీద మాకు కొంత అడవి ఉంది. అందులో షుగర్ మేపుల్ చెట్లే ఎక్కువ. మేపుల్ పాకం తయారీలో అమెరికాలో మొదటి స్థానం ఈ రాష్ట్రానిదే. మా ఊళ్లో చెట్లున్న ప్రతివాళ్లూ ఎంతో కొంత పాకం కాస్తారు, మేమూ కాస్తున్నాం. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో చెట్ల నుంచి రసం కారుతుంది. లీటరు పాకం రావాలంటే దాదాపు 40 లీటర్ల రసం కాచాలి. అంటే మనం మోసేది చాలావరకు నీళ్లే. చెట్లేమో పైన, పొయ్యి కింద. 200 లీటర్ల ట్యాంకు నిండితే ట్రైలరుతో కలిపి 250 కిలోల పైమాటే. పైపైన కరిగిన మంచు, దాని కింద బురద, అలాంటి దారిలో ఆ బరువును దించుకు రావాలి. మా ట్రైలరుకు సొంత బ్రేకులు లేవు. ఇది కాక చలికాలంలో ఇంటి దారి మీది మంచు తోయడం, ఆకులు రాలే కాలంలో కట్టెలు లాగడం కూడా ఈ బండి పనే.

గ్రిజ్లీ 660 మోడల్ 2002 నుంచి 2008 దాకా వచ్చింది. నాది ఆ నడుమ కాలంలోది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 660 సీసీ ఇంజినుకు ఒకటే సిలిండరు, ఐదు వాల్వులు, ఒక కార్బురేటర్. గాలి, పెట్రోలు లోపలికి రావడానికి మూడు వాల్వులు, పొగ పోవడానికి రెండు. సిలిండరు వ్యాసం 100 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 84. ఇంత పెద్ద పిస్టన్ ఒక్కటే కొట్టుకుంటుంటే కొంత అదురు తప్పదు. హ్యాండిల్ పట్టుకుని గంటసేపు నడిపితే చేతులకు తెలుస్తుంది. దానికి ప్రతిఫలంగా దొరికేది కింది ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజిను నిదానంగా తిరుగుతున్నప్పుడే, అందే బలం. బొటనవేలితో థ్రాటిల్ కాస్త నొక్కితే చాలు, తడి కట్టెల మోపును ఈడ్చుకుంటూ బయల్దేరుతుంది. ఇంజిను ఊపిరి పట్టి అరవదు. చదునైన పచ్చికలో వేగం గంటకు 100 కిలోమీటర్ల దగ్గరకు వెళ్లగలదు. అడవి దారిలో ఆ వేగం నాకు ఎన్నడూ అవసరపడలేదు, నా దృష్టిలో ఇలాంటి బండి మీద అవసరం పడకూడదు కూడా.

ఇక అసలు విషయం ట్రాన్స్‌మిషన్. యమహా దీనికి పెట్టిన పేరు అల్ట్రామాటిక్. మూలంలో ఇది మన స్కూటర్లలో ఉండే బెల్టు పద్ధతే. కైనెటిక్ హోండా నడిపినవారికి, ఇప్పుడు యాక్టివా నడిపేవారికి అది కొత్త కాదు. రెండు పుల్లీలు, మధ్యలో ఒక వి ఆకారపు బెల్టు. వేగం పెరిగే కొద్దీ ముందు పుల్లీ లోపలి రోలర్లు బయటికి జరిగి పుల్లీ పలకలను దగ్గరికి నెడతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది, గేరు నిష్పత్తి దానంతట అదే మారుతుంది. అమెరికాలో పొలారిస్ 1985లోనే ఏటీవీలకు బెల్టు ఆటోమేటిక్ తెచ్చింది. తేడా అంతా బండి కదిలే మొదటి క్షణంలో ఉంది. ఆ కాలపు చాలా ఆటోమేటిక్ ఏటీవీల్లో వేరే క్లచ్ ఉండదు, బెల్టే క్లచ్ పని చేస్తుంది. బండి నిలిచి ఉన్నప్పుడు బెల్టు వదులుగా ఉంటుంది. థ్రాటిల్ ఇవ్వగానే పుల్లీ వచ్చి దాన్ని బిగిస్తుంది. ఆ బిగిసే లోపు బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, అరుగుతుంది. స్కూటరులో క్లచ్ ఉంటుంది కానీ అది వెనక పుల్లీ దగ్గర, పొడిగా ఉంటుంది.

అల్ట్రామాటిక్‌లో క్లచ్ బెల్టు కన్నా ముందు ఉంటుంది. ఇది అపకేంద్ర క్లచ్, అంటే ఇంజిను వేగం పెరిగితే దానంతట అదే పట్టుకునే రకం. అదీ ఇంజిను ఆయిల్లో మునిగి ఉంటుంది. బండి కదలడానికి పడే జారుడంతా ఆ ఆయిల్లోనే జరిగిపోతుంది, వేడిని ఆయిల్ తీసుకుపోతుంది. బెల్టు మాత్రం ఎప్పుడూ రెండు పుల్లీల మధ్య బిగువుగానే ఉంటుంది. అందుకే ఈ బండ్లలో బెల్టు ఏళ్ల తరబడి మన్నుతుంది. నేను కొన్నప్పుడు లోపల ఏదో చౌక రకం బెల్టు ఉంది, పక్కలు అద్దంలా మెరిసిపోయి ఉన్నాయి. దాన్ని తీసేసి అసలు కంపెనీ బెల్టు వేయించాను. ఆ తర్వాత మంచు తోసినా, కట్టెలు లాగినా, రసం మోసినా అదే నడుస్తోంది. ఏటా మూత విప్పి వెడల్పు కొలుస్తాను, అరుగుదల నెమ్మదిగానే ఉంది.

అపకేంద్ర క్లచ్ అనగానే ఒక సందేహం రావాలి. ఆర్‌పీఎం తగ్గితే అది విడిపోతుంది కదా, మరి వాలులో థ్రాటిల్ వదిలితే బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారిపోదా? జారిపోకుండా లోపల ఒక వన్ వే క్లచ్ పెట్టారు. చక్రాలు ఇంజిను కన్నా వేగంగా తిరగబోతే అది పట్టుకుని చక్రాలను ఇంజినుకు కట్టేస్తుంది. అప్పుడు ఇంజినే బ్రేకు అవుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఉంటే ఆ నిలుపుదల నాలుగు చక్రాలకూ అందుతుంది.

దీని విలువ ట్రైలరుతో దిగినప్పుడే అర్థమవుతుంది. వెనక చక్రాలు మాత్రమే ఆగి, ట్రైలరు వెనక నుంచి తోస్తుంటే బండి అడ్డం తిరగడానికి చూస్తుంది. చేతి బ్రేకు కొంచెం గట్టిగా పట్టినా బురదలో చక్రం లాక్ అయి స్టీరింగ్ పనిచేయడం మానేస్తుంది. ఇంజిను పట్టు అలా కాదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, నేలను వదలదు, బండి ముక్కు చెప్పిన వైపుకే వెళ్తుంది. నేను పైన చెట్ల దగ్గరే బండి ఆపి, లో గేరులో వేసి, ఫోర్ వీల్ బటన్ నొక్కి, ఆ తర్వాతే దిగుడు మొదలుపెడతాను. సగం దారిలో గేరు మార్చుకోవచ్చులే అనుకోకూడదు, లో నుంచి హై, హై నుంచి లో మారాలంటే బండి నిలిచి ఉండాలి. ట్యాంకు సగం నిండినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. లోపల నీళ్లు ముందుకు వెనక్కి ఊగి, ఆగిందనుకున్న బండిని మళ్లీ తోస్తాయి. నిండు ట్యాంకే నయం.

ఫోర్ వీల్‌కు మూడు స్థితులు ఉన్నాయి: వెనక రెండు చక్రాలు, నాలుగు చక్రాలు, ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) కూడా లాక్ అయిన నాలుగు చక్రాలు. అన్నీ బటన్లతోనే. డిఫ్ లాక్ నేను కూరుకుపోయినప్పుడు తప్ప వాడను. అందులో వేగం గంటకు 35 కిలోమీటర్లకు పరిమితమై ఉంటుంది, అంతకన్నా ముఖ్యంగా హ్యాండిల్ తిప్పడానికి భుజాలు నొప్పి పుడతాయి. ఈ మోడల్‌కు పవర్ స్టీరింగ్ లేదు. మామూలు ఫోర్ వీల్‌లో కూడా, ముందు మంచు పలక తగిలించుకుంటే, రోజంతా నడిపిన సాయంత్రం చేతులు బరువెక్కుతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌తో గ్రిజ్లీ 700 వచ్చింది 2007లో. అది నడిపి చూశాను. స్టీరింగ్ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నడుము నొప్పో, మణికట్టు నొప్పో ఉన్నవారు, రోజూ గంటల కొద్దీ నడపాల్సినవారు 660 జోలికి రాకుండా నేరుగా 700కు వెళ్లడమే మంచిది. డబ్బు కాస్త ఎక్కువైనా సరే.

మంచు తోసేటప్పుడు ఒక విషయం గమనించాను. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి అంటూ నడిచే పనిలో హై గేరు వాడితే తడి క్లచ్ పూర్తిగా పట్టుకునే వేగం రాదు, అది జారుతూనే ఉంటుంది. లో గేరులో ఇంజిను తొందరగా ఆర్‌పీఎం అందుకుంటుంది, క్లచ్ పూర్తిగా పట్టుకుంటుంది. బరువు పని, నిదానపు పని అంటే లో గేరే అని ఇంట్లో నడిపే అందరికీ చెప్పి ఉంచాను. ఆయిల్ విషయంలోనూ అంతే పట్టుదలగా ఉంటాను. క్లచ్ ఉన్నది ఇంజిను ఆయిల్లోనే కనుక, జారుడు పెంచే మందులు కలిసిన కారు ఆయిళ్లు దీనికి పనికిరావు. ఇలా ఆయిల్లో మునిగే క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ గుర్తు రాసి ఉన్నది చూసి కొంటాను.

బెల్టు బండికి శత్రువు నీరు. బెల్టు పెట్టెలోకి నీరు పోతే ఇంజిను గోల చేస్తుంది కానీ బండి కదలదు. కంగారు పడనక్కర్లేదు. పెట్టె అడుగున ఉన్న బిరడా తీసి నీరు దించి, న్యూట్రల్‌లో ఇంజినును కాసేపు తిప్పితే బెల్టు ఆరిపోతుంది. తడిసిన బెల్టుతో బలవంతంగా నడపడమే దాన్ని పాడుచేస్తుంది. ముందు పుల్లీలోని రోలర్లు ఏళ్ల మీద ఒక పక్క అరిగి చదునవుతాయి. అప్పుడు వేగం పుంజుకోవడంలో నున్నదనం పోయి, మధ్యలో చిన్న కుదుపు తగులుతుంది. ఒకసారి మార్చాను, ఖర్చు తక్కువ, తేడా మాత్రం చాలా ఎక్కువ.

కార్బురేటర్‌తో ఓపిక ఉండాలి. మా దగ్గర జనవరిలో సున్నాకు 25 డిగ్రీల కిందికి పోయే తెల్లవారుజాములు ఉంటాయి. చోక్ లాగి, స్టార్ట్ చేసి, కాసేపు వేడెక్కనిచ్చాకే కదిలించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి కార్బురేటర్‌లో నిలిచిపోతే జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాలు) మూసుకుపోతాయి, ఇది ఏ పాత కార్బురేటర్ బండికైనా ఉన్నదే. బండిని చాలాకాలం నిలిపి ఉంచేటప్పుడు కార్బురేటర్ గిన్నె ఖాళీ చేస్తాను. పెట్రోలు మాత్రం బాగానే తాగుతుంది. ట్యాంకు 20 లీటర్లది కాబట్టి రోజు పనికి సరిపోతుంది, కానీ పొదుపు కోసం ఎవరూ దీన్ని కొనరు.

మా పొరుగున ఉన్న పెద్దాయన దగ్గర హోండా రూబికాన్ 500 ఉంది. 2001లో వచ్చిన ఆ బండిలో అసలు బెల్టే లేదు, ఆయిల్ ఒత్తిడితో నడిచే పంపు, మోటారు కలిసి గేరు నిష్పత్తిని మారుస్తాయి. నీటిలో దానికి బెదురు లేదు, నడక ప్రశాంతంగా ఉంటుంది, దాన్ని నేను నిజంగా గౌరవిస్తాను. అయినా నా ఓటు గ్రిజ్లీకే. బలం ఎక్కువ అన్నది ఒక కారణం. బెల్టు, రోలర్లు, పుల్లీలు నేను గ్యారేజీలో విప్పి చూసుకోగలగడం అంతకన్నా పెద్ద కారణం. ఆ హైడ్రాలిక్ అమరికలోకి ఇంటి దగ్గర చెయ్యి పెట్టడం మామూలు మనిషి పని కాదు.

సెలవులకు ఊరి నుంచి బంధువులు వచ్చినప్పుడల్లా ఒక ముచ్చట నడుస్తుంది. "బావా, వెనక ర్యాక్ మీద కూర్చుంటాను, ఒక్క రౌండు తిప్పవూ" అని మా బావమరిది బతిమాలతాడు. నేను ఒప్పుకోను. ఇది ఒక్కరు నడిపే బండి. నడిపేవారు ఒంటిని అటూ ఇటూ వంచుతూ వాలును సర్దుకోవాలి. వెనక ఇంకొకరి బరువు ఉంటే ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి మీద పడుతుంది. హెల్మెట్ పెట్టి, పచ్చికలో తనకే నడపడం నేర్పాను. పదహారేళ్లు నిండని పిల్లలకు మాత్రం ఎవరు అడిగినా తాళం ఇవ్వను.

ఇప్పుడు ఎవరైనా పాత 660 కొనాలనుకుంటే, రంగు, సీటు చూసి మురిసిపోకండి. బెల్టు మూత విప్పించి లోపల చూడండి. బెల్టు పక్కలు మెరుస్తున్నాయా, పెట్టె నిండా నల్లటి పొడి ఉందా, గ్రీజు చిమ్మి ఉందా గమనించండి. ముందు చక్రాలు లేపి పట్టుకుని ఊపితే బేరింగుల సంగతి తెలుస్తుంది, ఇరుసుల రబ్బరు తొడుగులు చిరిగి ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఆ తర్వాత ఎక్కడైనా వాలు చూసుకుని, లో గేరులో, థ్రాటిల్ వదిలేసి దిగండి. ఇంజిను శబ్దం పెరిగి బండి బిగబట్టినట్టు దిగాలి. న్యూట్రల్‌లో ఉన్నట్టు జారిపోతే లోపలి వన్ వే క్లచ్ పోయినట్టే. దాన్ని మార్చాలంటే ఇంజిను పక్క మూత, క్లచ్ విప్పాలి, అందుకు ప్రత్యేకమైన పుల్లర్ (ఊడదీసే సాధనం) కావాలి, మెకానిక్ కూలీ కూడా ఎక్కువే. ఇవన్నీ బాగున్నా, వాలు మీద నడిపి చూసుకోనివ్వని మనిషి దగ్గర నేనైతే ఈ బండి కొనను.