పచ్చబడిన హెడ్‌లైట్లు: టూత్‌పేస్టా, వాటర్ పేపరా, కొత్త సెట్టా... ఏది మేలు?

రాత్రి పదిన్నరకి ఏలూరు నుంచి విజయవాడ వస్తున్నాను. హనుమాన్ జంక్షన్ దాటాక ముందు ఏదో నల్లగా అడ్డం ఉన్నట్టు అనిపించి గట్టిగా బ్రేక్ తొక్కాను. పది అడుగుల దూరంలో గడ్డి ట్రాక్టర్. దాని వెనక ఒక్క రిఫ్లెక్టర్ కూడా లేదు. తప్పంతా ట్రాక్టర్‌దే అని తిట్టుకుంటూ ఇల్లు చేరాను. మర్నాడు పొద్దున కారు కడుగుతూ హెడ్‌లైట్ల ముందు కూర్చుని చూస్తే అసలు సంగతి అర్థమైంది. రెండు గ్లాసులూ పై సగం పేరిన నెయ్యిలా ఉన్నాయి. లోపలి బల్బు కనబడటం లేదు. ఎడమవైపుది మరీ అన్యాయం. మా ఇంటి ముందు కారు ఎప్పుడూ ఎడమ పక్క పడమటి ఎండకి పెట్టి ఉంటుంది.

గ్లాసు అని మనం అంటాం గానీ అది పాలికార్బొనేట్ ప్లాస్టిక్. రాయి తగిలినా అంత సులువుగా పగలదు, తేలిక, ఏ వంపు కావాలంటే ఆ వంపులో పోత పోయొచ్చు. దాని బలహీనతలు రెండు: తేలిగ్గా గీతలు పడుతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలకి తట్టుకోలేదు. అందుకే ఫ్యాక్టరీలోనే పైన ఒక గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము, కడిగేటప్పటి రాపిడి కలిసి ఆ పూతని తినేస్తాయి. పూత పోయిన చోట ప్లాస్టిక్ పచ్చబడుతుంది, మసకేస్తుంది. ఇది గుర్తుంటే ఏ పద్ధతి ఎందుకు నిలుస్తుందో, ఏది నెలకే చెడుతుందో తేలిగ్గా తెలుస్తుంది. మసక తీసేయడం సగం పనే. పోయిన పూతని మళ్లీ వేయడం మిగతా సగం.

ఇది కేవలం అందం కోసం చేసే పని కాదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పరీక్షించి చూస్తే, బాగా పాడైన హెడ్‌లైట్ కొత్తదాని వెలుగులో 20 శాతమే ఇచ్చింది. అరగదీసి బాగుచేస్తే దాదాపు 70 శాతానికి వచ్చింది. బయటి కంపెనీల కొత్త సెట్లు (గ్లాసు, రిఫ్లెక్టర్ కలిసిన మొత్తం లైటు) 83 నుంచి 90 శాతం ఇచ్చాయి. కంపెనీ ఒరిజినల్ పెడితే పూర్తి వెలుగు వచ్చింది. ఈ లెక్కలు మనసులో పెట్టుకుని ఒక్కోటి చూద్దాం.

ముందు ఒక చిన్న పరీక్ష. గ్లాసు మీద మగ్గుతో నీళ్లు పోయండి. తడిసినంతసేపు గ్లాసు బాగా తేటగా కనిపిస్తే రోగం పై పొరలోనే ఉంది, ఇంట్లో బాగవుతుంది. తడిసినా లోపల మసకగానే ఉంటే బయట ఎంత రుద్దినా లాభం లేదు. బల్బు వెనకాల ఉండే వెండి రంగు రిఫ్లెక్టర్ మాడిపోయిందేమో కూడా చూడండి. మామూలు హెచ్4 బల్బు 60/55 వాట్లు. వెలుగు చాలట్లేదని 100 వాట్ల బల్బులు వేసిన కార్లలో ఆ వేడికి రిఫ్లెక్టర్ పొర లేచిపోతుంది. అప్పుడు సెట్టు మార్చాల్సిందే.

టూత్‌పేస్ట్ సంగతి

నేనూ మొదట దీంతోనే మొదలుపెట్టాను. తెల్లటి పేస్టు, పాత బనియన్ గుడ్డ, ఒక్కో లైటుకి ఇరవై నిమిషాలు. నిజంగానే తేడా కనిపించింది. పేస్టులో పళ్లు తోమడానికి వేసే సన్నటి పొడి ఉంటుంది, అది పై మురికినీ కొంచెం మసకనీ గీకేస్తుంది. అంతవరకే దాని పని. ఫ్యాక్టరీ పూతలో మిగిలిన కాస్తా దాంతోపాటే పోతుంది, కొత్తగా రక్షణ ఏమీ రాదు. నాలుగు వారాలకే మా లైట్లు మళ్లీ మొదటికొచ్చాయి. రేపు ఉదయం దూర ప్రయాణం ఉంది, ఇవాళ ఇంకేం దొరకదు అంటే చేయండి. అంతకుమించి దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

దోమల స్ప్రే కొట్టి తుడిస్తే మెరుస్తుందని వీడియోల్లో చూపిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒంటికి పూసుకునే కొన్ని దోమల మందుల్లో డీట్ అనే రసాయనం ఉంటుంది, అది ప్లాస్టిక్ పై పొరని మెత్తబరుస్తుంది. మెత్తబడి సాపు అయినందువల్ల కాసేపు మెరుస్తుంది, తర్వాత మునుపటికన్నా ఘోరంగా తయారవుతుంది. థిన్నరూ అంతే. పాలికార్బొనేట్ మీద థిన్నర్ పడితే సాలెగూడులా సన్న పగుళ్లు వస్తాయి, అవి ఇక పోవు.

వాటర్ పేపర్: అసలు పని ఇక్కడే

పెయింట్ షాపులో వాటర్ పేపర్, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం, అడిగితే నంబర్ల వారీగా ఇస్తారు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 800, 1000, 1500, 2000 ఒక్కో షీటు చాలు, ఖర్చు వందల్లోపే. చుట్టూ బంపర్‌కీ బానెట్‌కీ మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయాలి. ఇది బద్ధకించకండి, ఒక్కసారి పేపర్ జారి పెయింట్‌కి తగిలితే ఇంకో ఖర్చు.

బకెట్టు నీళ్లలో రెండు చుక్కలు షాంపూ వేసి, పేపర్‌ని పది నిమిషాలు నానబెట్టి 800తో మొదలుపెట్టాలి. అడ్డంగా రుద్దుతూ నీళ్లు పోస్తూ ఉంటే మొదట పసుపు కలిపిన మజ్జిగలా కారుతుంది. ఆ పసుపు పోయి తెల్లగా కారేవరకూ ఆపకూడదు. పాత పూత అక్కడక్కడా మిగిలితే తర్వాత మచ్చల్లా కనిపిస్తుంది. ఆ మిగిలిన చోట వేలితో తడిమితే జారుడుగా తగులుతుంది, మిగతా చోట గరుకుగా ఉంటుంది. 1000కి మారినప్పుడు నిలువుగా, 1500కి మళ్లీ అడ్డంగా రుద్దండి. అలా చేస్తే ముందు నంబరు గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది.

ఈ దశలో తుడిచి చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. గ్లాసంతా బాత్రూం కిటికీ అద్దంలా తెల్లగా ఉంటుంది. నేనైతే పూర్తిగా పాడుచేశాననుకుని పక్క వీధిలో డెంటింగ్ పెయింటింగ్ చేసే బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన వచ్చి వేలితో తడిమి, "బాగానే పట్టావు నాయనా. పైన క్లియర్ పూత కొట్టకుండా మాత్రం వదిలేయకు, ఎండ తినేస్తుంది" అన్నాడు.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి, 2000 తర్వాత 3000 దాకా వెళ్లి రబ్బింగ్ కాంపౌండ్ అనే మెరుగు పెట్టే ముద్దతో పాలిష్ చేయడం. ఆ సాయంత్రమే అద్దంలా మెరుస్తుంది, ఫొటో తీసి పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ ప్లాస్టిక్ ఒంటి మీద ఇప్పుడు చొక్కా లేదు. మన ఎండల్లో బయట నిలిపే కారైతే కొన్ని నెలలకే పసుపు మళ్లీ మొదలవుతుంది. పైన మైనం పూస్తూ ఉంటే కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

రెండోది, 1500 లేదా 2000 దగ్గర ఆపి, పాలిష్ చేయకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అతినీలలోహిత కిరణాలని ఆపే క్లియర్ కోట్ వేయడం. ఆ సన్న గీతల్ని క్లియరే పూడ్చేస్తుంది, వాటిని పట్టుకునే నిలబడుతుంది. ముందు కాంపౌండ్ వాడితే అందులోని జిడ్డు వల్ల పూత చేప కళ్లలా గుంటలు పడుతుంది. నా మాట అడిగితే ఇంట్లో చేసేవాళ్లకి ఇదే మేలు, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

క్లియర్‌లోనూ తేడాలున్నాయి. మామూలు స్ప్రే డబ్బా, అంటే వన్ కె, చవక, తేలిక. కాని పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది, ఎక్కువ కాలం ఆగదు. గట్టిపడే మందు కలిపే టూ కె క్లియర్ కారు బాడీ మీద వేసేదే, ఏళ్లు నిలుస్తుంది. కానీ అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి ప్రమాదం. గుడ్డ మాస్కు, కరోనా మాస్కు వాటిని ఆపవు. అందుకే నేను అరగదీసే పని ఇంట్లో చేసుకుని, టేపు కట్టిన కారుని బాబాయ్ షెడ్డుకి తీసుకెళ్లాను. వేరే కారుకి కలిపిన క్లియర్ మిగిలితే రెండు పలచటి కోట్లు కొట్టి ఇచ్చాడు. చెమట పట్టే పని నాది, మందు పని ఆయనది. ఖర్చు కూడా మొత్తం పని షాపుకి ఇచ్చినదానికన్నా బాగా తగ్గింది. ఆ రెండూ వద్దనుకుంటే గుడ్డతో పూసే పూత ఉన్న రెస్టొరేషన్ కిట్లు దొరుకుతాయి. కొనేముందు డబ్బాలో పూత సీసా ఉందో లేదో చూడండి, చాలా కిట్లలో పాలిష్ మాత్రమే ఉంటుంది.

వాన మబ్బు రోజున క్లియర్ కొట్టొద్దు, గాలిలో తేమ ఉంటే పూత పాలలా తెల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ వద్దు. చలికాలం పొద్దున పదింటి వేళ నాకు బాగా కుదిరింది. తర్వాత ఒక రోజంతా నీళ్లు తగలనివ్వలేదు.

కొత్త సెట్టు ఎప్పుడు?

లోపల నీళ్లు నిలిచినా, లోపలి వైపు మసకేసినా, రిఫ్లెక్టర్ పోయినా, గ్లాసులో లోతైన పగుళ్లున్నా మార్చడమే దారి. వానాకాలం కాసేపు లోపల ఆవిరి పట్టి పోతే కంగారు పడక్కర్లేదు. మార్చేటప్పుడు ఒరిజినల్ ధర చూసి గుండె జారుతుంది, చిన్న కారుకే వేలల్లో ఉంటుంది. చవకగా వచ్చే బయటి సెట్లలో వెలుగు బాగానే ఉన్నా బీమ్, అంటే ఆ వెలుగు ధార, సరైన చోట పడకపోవడం కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ రాణిగంజ్‌లోనో కొనేటట్టయితే షాపు ముందే గోడకి ఎదురుగా నిలిపి, గోడ మీద రెండు లైట్ల వెలుగు గీత ఒకే ఎత్తులో ఉందో లేదో చూసుకుని డబ్బులివ్వండి. పాత కారు సెట్టు తీసుకుంటే దాన్ని కూడా నీళ్లు పోసి పరీక్షించండి.

గ్లాసు మసకగా ఉండగా ఎల్‌ఈడీ బల్బు వేయించుకోవడం అన్నిటికన్నా తప్పు దారి. మసక గ్లాసు వెలుగుని చెల్లాచెదురు చేస్తుంది. ఎంత ఎక్కువ వెలుగు పంపితే ఎదురొచ్చే బైక్ మనిషి కళ్లలో అంత ఎక్కువ పడుతుంది, మన రోడ్డు మీద మాత్రం అంతగా పెరగదు.

మా లైట్లకి క్లియర్ కొట్టించి ఇప్పటికి రెండు వేసవులు దాటాయి. కుడివైపుది అలాగే ఉంది. ఎడమదానికి పై అంచున, బొటనవేలి గోరంత మేర, లేత పసుపు మొదలైంది. మొన్నటి నుంచి కారుని తిప్పి, ముఖం గోడ వైపు వచ్చేలా నిలుపుతున్నాను.