రోఫీ రివ్యూ: బోలెడన్ని విండోలు తెరిచి పెట్టుకునేవాళ్ల కోసం

లినక్స్‌లో వాడే రోఫీ గురించి ఎవరిని అడిగినా యాప్ లాంచర్ అనే చెబుతారు. వీడియోల్లోనూ అంతే, స్క్రీన్ మధ్యలో ఒక చిన్న డబ్బా వస్తుంది, రెండక్షరాలు కొడితే ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంటుంది, వెనక అందమైన వాల్‌పేపర్, అక్కడితో వీడియో అయిపోతుంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క పనికైతే దీన్ని ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. లినక్స్ మింట్‌లో సూపర్ కీ నొక్కి పేరు కొడితే మెనూనే తెరుస్తుంది. నేను దీన్ని పట్టుకుని వేలాడుతున్నది రెండో పనికోసం: ఇప్పటికే తెరిచి ఉన్న విండోల్లోంచి కావాల్సినదాన్ని పేరు కొట్టి పట్టుకోవడానికి. అసలు ఇది పుట్టిందే సింపుల్‌స్విచర్ అనే విండో స్విచర్‌కి నకలుగా, లాంచర్ వేషం తర్వాత వచ్చింది, ఆ తర్వాత డీమెనూ (ఏ జాబితా ఇచ్చినా అందులోంచి ఒకటి ఎంచుకోనిచ్చే చిన్న ప్రోగ్రామ్) చేసే పనులు కూడా నెత్తినేసుకుంది. ఉచితం, ఎంఐటీ లైసెన్స్, సీ భాషలో రాసింది.

నా సెటప్ ఏంటంటే, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్, 8 జీబీ ర్యామ్, దానిమీద మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, అంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వచ్చే లినక్స్ మింట్. (ఎస్‌పీ రోడ్‌లో కొనబోయేవాళ్లకి ఒక మాట, "బ్యాటరీ కొత్తది సార్" అంటే ఛార్జర్ పీకేసి అక్కడే పావుగంట వాడి చూడండి. మొహమాటపడొద్దు.) పని చిన్న కంపెనీలో సర్వర్ సపోర్ట్, సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోమంటారు. మారతహళ్లిలో రూమ్‌లోనే కూర్చుని రాత్రి షిఫ్ట్ చేస్తుంటా. టికెట్ల పేజీ ఒక విండో, మెయిల్ ఒకటి, నాలుగైదు టెర్మినళ్లు, లిబ్రెఆఫీస్‌లో రెండు మూడు షీట్లు, మధ్యలో క్రికెట్ స్కోరు, పక్కన పాటలు. తెల్లవారుజాము అయ్యేసరికి కింద ప్యానెల్‌లో ఒక్కో విండోకి ఒక ఐకాన్, రెండక్షరాల పేరు తప్ప ఏమీ మిగలదు. ఆల్ట్ ట్యాబ్ కొట్టుకుంటూ పోతే కావాల్సింది దాటి వెళ్లిపోతాం, మళ్లీ చుట్టూ తిరిగి రావాలి. పైగా ఎక్స్‌ఎఫ్‌సీఈలో మామూలుగా ఆల్ట్ ట్యాబ్ మనమున్న వర్క్‌స్పేస్‌లో (విండోలు విడివిడిగా సర్దుకునే వేరువేరు తెరల్లాంటివి) ఉన్నవాటినే చూపిస్తుంది, పక్క వర్క్‌స్పేస్‌లో పడేసినవి దానికి పట్టవు.

రోఫీ విండో మోడ్‌లో అన్ని వర్క్‌స్పేస్‌లలోని విండోలూ ఒకే జాబితాగా వస్తాయి. ప్రతి వరుసలో ఏ వర్క్‌స్పేస్, ఏ ప్రోగ్రామ్, విండో టైటిల్ ఏంటి అన్నది ఉంటుంది. దీంట్లో నాకు బాగా నచ్చింది వెతికే పద్ధతి. టైటిల్ మొదటి అక్షరాలతోనే మొదలుపెట్టక్కర్లేదు, మాటల వరుస కూడా పట్టించుకోదు. "మార్చి క్యాల్క్" అని కొట్టినా "క్యాల్క్ మార్చి" అని కొట్టినా మార్చి నెల షీటే వస్తుంది, ఎందుకంటే టైటిల్‌తో పాటు ప్రోగ్రామ్ పేరులో కూడా వెతుకుతుంది. ఇంకో చిన్న కిటుకు చాలామందికి తెలీదు: మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్నవి జాబితాలోంచి పోతాయి. ఫైర్‌ఫాక్స్ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ పెట్టి యూట్యూబ్ అని కొడితే పాటల విండో పక్కకు తప్పుకుని ఆఫీసు విండోలే మిగులుతాయి. ఎంటర్ కొడితే ఆ విండో ఏ వర్క్‌స్పేస్‌లో ఉంటే అక్కడికి మనల్నే తీసుకెళ్తుంది. తెలుగు టైటిళ్లు కూడా వత్తులూ గుణింతాలూ చెదరకుండా సరిగ్గానే కనిపిస్తాయి.

అక్కడే షిఫ్ట్ డిలీట్ కొడితే ఆ విండో మూసేస్తుంది. రాత్రి డ్యూటీ అయిపోయాక నేను చేసేది ఇదే, జాబితా తెరిచి అక్కర్లేనివి వరసపెట్టి మూసుకుంటూ పోవడం, మౌస్ ముట్టుకునే పని లేదు. భయపడక్కర్లేదు, బలవంతంగా చంపదు, మూసుకోమని మర్యాదగా అడుగుతుంది అంతే, సేవ్ చెయ్యని షీట్ ఉంటే లిబ్రెఆఫీస్ ఎప్పటిలాగే సేవ్ చెయ్యాలా అని ఆపుతుంది.

ఇక కాంబీ మోడ్. తెరిచి ఉన్న విండోలు, ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌లు రెండూ ఒకే జాబితాలో కలిపి చూపిస్తుంది. విండోలు ముందు వచ్చేలా పెట్టుకుంటే, ఉన్న విండో ఉంటే దాని దగ్గరికి వెళ్తుంది, లేకపోతే కొత్తగా తెరుస్తుంది, ఆ ప్రోగ్రామ్ ఇప్పటికే నడుస్తోందా లేదా అని మనం గుర్తుపెట్టుకునే పనే ఉండదు. రోఫీ పెట్టుకునేవాళ్లు ముందు చెయ్యాల్సింది ఇదే అని నా అభిప్రాయం. చాలామంది యాప్‌ల జాబితా ఒక్కటే పెట్టుకుని, మెనూ కంటే ఇందులో ఏముంది అని తీసేస్తారు.

అయితే యాప్‌ల జాబితా కూడా తీసిపారేసేది కాదు. పేరు ఒక్కటే కాకుండా ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్లు రాసిపెట్టిన కీవర్డ్‌లలో, క్యాటగిరీల్లో కూడా వెతుకుతుంది కాబట్టి క్యాల్క్ అన్న పేరు గుర్తులేకపోయినా స్ప్రెడ్‌షీట్ అని కొడితే వస్తుంది. ఎక్కువ వాడేవి క్రమంగా పైకి వస్తాయి. కానీ డౌన్‌లోడ్ చేసి నేరుగా నడిపే యాప్‌ఇమేజ్ ఫైళ్లు ఇందులో కనబడవు, వాటికి డెస్క్‌టాప్ ఫైలు (ప్రోగ్రామ్ పేరు, అది ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలు) మనమే రాసుకోవాలి. దూరంగా ఉన్న సర్వర్లలోకి టెర్మినల్‌తో వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌కి కూడా ఒక మోడ్ ఉంది, సర్వర్ పేరు కొడితే టెర్మినల్ తెరిచి కనెక్ట్ చేస్తుంది. మొదటిసారి తెరిస్తే జాబితాలో సర్వర్లు సరిగ్గా కనిపించకపోవచ్చు, కంగారు పడకండి, ఉబుంటు, మింట్‌లలో ఇంతకుముందు కనెక్ట్ అయిన హోస్టుల పేర్లు గుర్తుపట్టలేకుండా మార్చి దాస్తాయి, అవి రోఫీ చదవలేదు. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు రాసుకునే కాన్ఫిగ్ ఫైల్లో పేర్లు రాసి పెట్టుకుంటే అన్నీ వస్తాయి.

పాత మిషన్ మీద బరువు ఎంత అంటే, దాదాపు లేనట్టే. యూలాంచర్ లాంటి వేరే లాంచర్లు ఎప్పుడూ వెనకాల నడుస్తూ ఉంటాయి, ఇది అలా కాదు, కీ నొక్కినప్పుడు లేస్తుంది, ఎంటరో ఎస్కేపో కొట్టగానే వెళ్లిపోతుంది. బ్రౌజర్ ఒక్కటే సగం ర్యామ్ తినే ల్యాప్‌టాప్‌లో ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు చిరాకులు. ఇన్‌స్టాల్ చేశాక ఏమీ జరగదు. సెట్టింగ్స్ విండో లేదు, ఏ షార్ట్‌కట్టూ పెట్టి ఇవ్వదు. కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే కమాండ్ రాసి ఒక కీ కట్టుకోవాలి. ఆల్ట్ స్పేస్ పెట్టుకుందామంటే ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ కీ ముందే విండో మెనూకి ఇచ్చేసి ఉంటుంది, విండో మేనేజర్ సెట్టింగ్స్‌లో దాన్ని తీసేస్తే గానీ ఇది పనిచెయ్యదు. ఐకాన్లు కావాలంటే కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను, కాంబీ కావాలంటే ఇంకో లైను. పాత బ్లాగుల్లోంచి కాపీ కొట్టేవాళ్లకి ఇంకో తలనొప్పి, సెట్టింగుల పేర్లు వెర్షన్ వెర్షన్‌కీ కొన్ని మారాయి, అందుకని ఆ కంప్యూటర్లో ఉన్న మాన్యువల్ చదవడమే మంచిది. అది మాత్రం చాలా బాగా రాశారు. మా రూమ్మేట్ చూసి "అన్నా, నాకూ పెట్టివ్వు" అన్నాడు గానీ, కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూపించగానే "వద్దులే అన్నా, నాకు ప్యానెల్ చాలు" అని వెళ్లిపోయాడు. వాడిది తప్పనను.

రూపు సంగతికొస్తే మొదట వచ్చేది ఆ లేత గోధుమరంగు డబ్బా, రాత్రి పూట కళ్లలో పొడుస్తుంది. థీమ్ సెలెక్టర్ అని ఒకటి దాంతోపాటే వస్తుంది, అందులో నలుపు థీమ్‌లు కూడా ఉన్నాయి, గ్రవ్‌బాక్స్ డార్క్ పెట్టుకుని వదిలేశా. థీమ్‌లు సీఎస్ఎస్ లాంటి భాషలో సొంతంగా రాసుకోవచ్చు, రాసుకుంటూ పోతే ఆదివారాలన్నీ దానికే పోతాయి.

బ్రౌజర్ ట్యాబ్‌లు ఇందులో రావు. ఇది అన్నిటికంటే పెద్ద లోటు. ఒకే విండోలో ముప్పై ట్యాబ్‌లు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న ట్యాబ్ టైటిల్ ఒక్కటే రోఫీకి తెలుస్తుంది, మిగతావి దానికి లేనట్టే. కాబట్టి ట్యాబ్‌లతో బతికేవాళ్లకి దీనివల్ల పెద్దగా ఉపయోగం లేదు, విండోలుగా విడదీసుకునే అలవాటు ఉన్నవాళ్లకే లాభం. రిమోట్ డెస్క్‌టాప్ ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు కూడా ఇబ్బందే, రెమ్మినాలో కీబోర్డు మొత్తం అవతలికి పంపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మన షార్ట్‌కట్ కూడా అవతలి మిషన్‌కే పోతుంది. రోఫీ తెరిచి ఉన్నంతసేపు కీబోర్డు మొత్తం దాని చేతిలోనే, వాల్యూమ్ కీ కూడా పనిచెయ్యదు.

ఆల్ట్ ట్యాబ్ తీసేసి ఆ కీకి కూడా దీన్నే కట్టుకునేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను, రెండు విండోల మధ్య అటూ ఇటూ మారడానికి ఆల్ట్ ట్యాబ్‌ని మించింది లేదు, ఇది మూడో విండో నుంచి పనికొస్తుంది.

చివరిగా, వేలాండ్ (లినక్స్‌లో విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) వాడేవాళ్లు ఇన్‌స్టాల్ చేసే ముందు ఒకసారి చూసుకోండి. చాలాకాలం రోఫీ పాత పద్ధతి అయిన ఎక్స్‌11కే పరిమితం, వేలాండ్ కోసం వేరేవాళ్లు దీని కోడ్ తీసుకుని విడిగా చేసిన ఫోర్క్ ఉండేది, 2025లో వచ్చిన 2.0 వెర్షన్‌తో అది అసలు దాంట్లోనే కలిసింది. వేలాండ్ మీద నడిచే స్వే, హైపర్‌ల్యాండ్ లాంటి విండో మేనేజర్లలో నడుస్తుంది. ఉబుంటుతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మాత్రం, మిగతా విండోల పైన డబ్బా చూపించడానికి దీనికి కావాల్సిన లేయర్ షెల్ సపోర్ట్ లేదు, కాబట్టి మామూలు ఉబుంటు వాడేవాళ్లు దీని జోలికి రాకుండా సూపర్ కీతో వచ్చే గ్నోమ్ ఓవర్‌వ్యూ వాడుకోవడమే నయం. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎక్స్‌11 మీద నడిచే ఐ3 విండో మేనేజర్ వాళ్లకైతే ఆ గొడవేమీ లేదు, ఆప్ట్‌లో ఉన్నది పెట్టుకుని కాంబీకి ఒక కీ కట్టుకోండి.