హీలియోవ్యూయర్: చూడటానికి భేష్, కొలవడానికి కాదు

సౌరజ్వాల లేచిందని వార్త రాగానే ఎవరైనా ముందు వెతికేది బొమ్మ కోసమే. ఆ పనికి హీలియోవ్యూయర్‌ను మించింది లేదు. నాసా, ఈసా (ఐరోపా అంతరిక్ష సంస్థ) నిధులతో నడుస్తూ సూర్యుడి చిత్రాలు చూపే ఉచిత వెబ్‌సైటు ఇది, లాగిన్ అక్కర్లేదు. ఇందులో ఎక్కువగా అక్కరకొచ్చేవి 2010 ఫిబ్రవరి 11న ప్రయోగించిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ (ఎస్‌డీఓ) చిత్రాలు. ఆ ఉపగ్రహం రోజుకు సుమారు 1.5 టెరాబైట్ల డేటా కిందికి పంపుతుంది. ఒక్కో చిత్రం 4096×4096 పిక్సెళ్లు. మూల ఫైళ్లు దించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఈ సైటు వాటిని జేపెగ్ 2000 అనే కుదించిన చిత్రరూపంలోకి మార్చి పెట్టుకుని, మీరు జూమ్ చేసిన ముక్క వరకే పంపుతుంది.

మొదటి తప్పు గడియారం దగ్గరే జరుగుతుంది. ఇక్కడ టైమంతా యూటీసీ, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం. 2024 మే 14 నాటి ఎక్స్8.7 జ్వాల (ఎక్స్ అంటే అత్యంత తీవ్రమైన తరగతి) మన లెక్కలో రాత్రి 10:21కి పతాకస్థాయికి చేరింది. సైటులో కొట్టాల్సింది 16:51. ఇంకో తిరకాసు: అడిగిన నిమిషానికి చిత్రం లేకపోతే దగ్గర్లో ఉన్నదాన్ని తెచ్చి పెడుతుంది. ప్రతి లేయర్‌కూ (ఒకదానిపై ఒకటి పేర్చుకునే చిత్రానికి) చూపించే అసలు సమయం చదవకుండా ముందుకెళ్లొద్దు.

రంగులు సూర్యుడివి కావు, కంటికి కనపడని కాంతికి వేసిన పూతలు. చిత్రాలకు పేర్లు ఆ కాంతి తరంగదైర్ఘ్యాలే, ఆంగ్‌స్ట్రామ్ అనే అతి చిన్న కొలతలో: ఎర్రటి 304 ఆంగ్‌స్ట్రామ్‌లో సుమారు 50,000 డిగ్రీల క్రోమోస్ఫియర్ (సూర్యుడి కింది వాతావరణ పొర), బంగారు రంగు 171లో సుమారు 6 లక్షల డిగ్రీల కరోనా (బయటి పొర) లూపులు, అంటే వంపు తిరిగిన వేడి పదార్థపు తీగలు, నీలిపచ్చ 131లో కోటి డిగ్రీల జ్వాలాపదార్థం. కరోనాలో నల్లగా కనిపించే చోట్లు, అంటే కరోనా రంధ్రాలకైతే 193.

అయస్కాంత క్షేత్రం చూడాలంటే ఎస్‌డీఓలోని హెచ్‌ఎంఐ పరికరం తీసే మాగ్నెటోగ్రామ్ (అయస్కాంత క్షేత్ర పటం) కింద, 171 పైన పెట్టి, పై లేయర్ ఒపాసిటీ సగానికి దించండి. తెలుపు మనవైపు వచ్చే క్షేత్రం, నలుపు మననుంచి దూరంగా పోయేది. లూపు ఒక కాలు తెలుపులో, రెండోది నలుపులో దిగడం కనిపిస్తుంది. ఈ సైటులో ఇంతకన్నా మంచి పాఠం లేదు. అయితే మే 14 జ్వాల మీద ఈ ప్రయోగం చేస్తే ఏమీ తేలదు. ఆ జ్వాల లేచిన 13664 అనే సూర్య మచ్చల గుంపు అప్పటికే పడమటి అంచుకు చేరింది. ఈ మాగ్నెటోగ్రామ్ చూపేది మన చూపు దిశలోని భాగాన్నే కాబట్టి, అంచు దగ్గర తెలుపు నలుపులు తారుమారై కూడా కనిపిస్తాయి. మే 8, 9 తేదీలకు వెనక్కి వెళ్తే అదే గుంపు నడిమికి దగ్గరగా, చక్కగా దొరుకుతుంది.

వీడియోకు 300 ఫ్రేముల పరిమితి ఉంది. రోజంతా అడిగితే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య దాదాపు 5 నిమిషాలు. జ్వాల ఎగసే ఘట్టం రెండు మూడు ఫ్రేముల్లో అయిపోతుంది. రెండు గంటలకు కుదించి, కావాల్సిన ప్రాంతమే ఎంచుకోండి.

చూసిందల్లా సూర్యుడని నమ్మొద్దు. పెద్ద జ్వాలల్లో నిలువుగా సాగే తెల్లచార సెన్సర్ నిండి పొర్లడం వల్ల. దాని చుట్టూ వచ్చే ఇంటూ గుర్తు ఫిల్టర్‌ను మోసే సన్నటి జాలీ వల్ల. ఏడాదికి రెండుసార్లు, విషువత్తుల చుట్టూ సుమారు మూడేసి వారాలు, ఎస్‌డీఓకూ సూర్యుడికీ మధ్య భూమి రోజూ అడ్డొస్తుంది, గరిష్ఠంగా 72 నిమిషాలు. అంచు మసకగా ఉంటే అడ్డొచ్చింది భూమి (వాతావరణం ఉంది కదా), కత్తితో కోసినట్టుంటే చంద్రుడు.

కొలతలకు మాత్రం ఇది పనికిరాదు. ప్రకాశాన్ని 256 మెట్లకు కుదించారు. పైగా ఏళ్లు గడిచేకొద్దీ పరికరం సున్నితత్వం తగ్గింది, 304లో మరీను. కాబట్టి 2010 చిత్రాన్నీ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టి సూర్యుడు మసకబారాడనడం తప్పు. అంకెలు కావాలంటే స్టాన్‌ఫర్డ్‌లోని జేఎస్‌ఓసీ అనే ఎస్‌డీఓ డేటా కేంద్రం నుంచి ఫిట్స్ ఫైళ్లు (శాస్త్రీయ కొలతలకు వాడే మూల డేటా) తెచ్చుకోవాల్సిందే. 2024 నవంబరు 26న అక్కడ నీటి పైపు పగిలి సర్వర్ గది మునిగింది. ఆ తర్వాతి వారాల డేటా వెతికేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన సూర్య పరిశీలక నౌక ఆదిత్య-ఎల్1కు భూమి అడ్డొచ్చే బెడద లేదు, అది ఉన్నది భూమికీ సూర్యుడికీ మధ్య ఎల్1 అనే బిందువు దగ్గర. దాని ఫైళ్లకు ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి.