హోమ్ లోన్ ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా: ఐటీ ఉద్యోగం మానేసి టీచర్‌గా మారుతూ ఇంటి అప్పు తీర్చేదాకా వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. జీతం తగ్గే పనిలోకి మారాలనుకుంటూ, ఆ లోపే ఇంటి అప్పు కూడా వదిలించుకోవాలని చూస్తున్నవాళ్లకి మామూలు హోమ్ లోన్ కన్నా ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి హోమ్ లోన్ (మిగులు డబ్బు లోన్ ఖాతాలో వేసి, కావాలంటే వెనక్కి తీసుకోగలిగేది) చాలా మేలు. ఖాతా నాకు బాగా నచ్చింది, బ్రాంచిలో సర్వీసు నచ్చలేదు. నాది ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు. ఈ రకం లోన్ చాలా బ్యాంకుల్లో ఉంది. స్టేట్ బ్యాంకు వాళ్లు మాక్స్‌గెయిన్ అంటారు, బ్యాంక్ ఆఫ్ బరోడా వాళ్లు హోమ్ లోన్ అడ్వాంటేజ్ అంటారు. ఒక్కో బ్యాంకులో నియమాలు కొంచెం తేడాగా ఉంటాయి కానీ పని చేసే తీరు దాదాపు ఒకటే.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండేదాన్ని. లెక్కల టీచర్‌గా వెళ్లాలని ఎప్పటినుంచో ఉంది. బీఎడ్ అంటే రెండేళ్లు, ఆ రెండేళ్లూ నాకు జీతం ఉండదు, తర్వాత ప్రైవేటు స్కూల్లో వచ్చేది పాత జీతంలో మూడో వంతు కూడా కాదు. మా ఆయన జీతంతో ఇల్లు గడుస్తుంది కానీ ఈఎంఐ కూడా దాంట్లోంచే అంటే కష్టం. అందుకే చేతిలో ఉన్న డబ్బు లోన్‌లో కట్టేయాలా, బీఎడ్ అయ్యేదాకా దగ్గర పెట్టుకోవాలా అన్న టెన్షన్ ఇద్దరికీ ఉండేది. కట్టేస్తే మళ్లీ తీసుకోలేం. కట్టకుండా ఎఫ్‌డీలో వేస్తే వచ్చే వడ్డీ లోన్ వడ్డీకన్నా తక్కువ, దాని మీద మళ్లీ పన్ను.

వడ్డీ ఎంత తినేస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తాను, గుండ్రని అంకెలతో. 40 లక్షల లోన్, 8.5 శాతం, 20 ఏళ్లు అనుకోండి. ఈఎంఐ సుమారు 34,700 వస్తుంది. మొదటి నెలలో అందులో 28,300 పైన వడ్డీకే పోతుంది, అసలులోంచి తగ్గేది 6,400 లోపే. ఐదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే బ్యాంకుకి ఇచ్చింది 20 లక్షల 80 వేలు దాటుతుంది, అసలు మాత్రం ఇంకా 35 లక్షల 25 వేల దగ్గరే ఉంటుంది. ఈ లెక్క ఎక్సెల్‌లో వేసుకుని చూస్తే ముందే తీర్చేయాలని ఎందుకు అనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. పైగా రేటు మన చేతిలో ఉండదు. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు) 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది, చాలామందికి ఈఎంఐ అలాగే ఉంచి గడువు పెంచేశారు, రిటైరయ్యాక కూడా కట్టేలా లెక్కలు మారిపోయాయి. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా గడువు పెంచాలా అన్నది కస్టమర్‌నే అడగాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఖాతా సంగతి. లోన్‌ని కరెంట్ ఖాతాలా తెరుస్తారు, మనం ఎంతదాకా వాడుకోవచ్చో ఒక లిమిట్ ఉంటుంది, అది ప్రతి నెలా అసలు తగ్గే కొద్దీ తగ్గుతూ వస్తుంది. ఈఎంఐ మామూలుగానే పోతుంది. దానికి పైన మన దగ్గరున్న డబ్బు ఎంతైనా అందులో వేయొచ్చు. ఏ రోజుకారోజు మిగిలిన బాకీ మీదే వడ్డీ లెక్క కడతారు. బాకీ 35 లక్షలుండి మీరు 5 లక్షలు వేశారంటే 30 లక్షలకే వడ్డీ, అంటే 8.5 శాతం దగ్గర నెలకి సుమారు 3,500 మిగులుతుంది. ఆ 5 లక్షలు అవసరమైతే చెక్కు రాసో, ఆన్‌లైన్‌లోనో వెనక్కి తీసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు, కొత్త లోన్ కాదు, జీతం స్లిప్పులు చూపించక్కర్లేదు. నాకు ఈ ఖాతాలో అన్నిటికన్నా విలువైనది ఇదే. బోనస్, ఉద్యోగం మానేటప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, అమ్మ ఇచ్చిన కొంత డబ్బు, అన్నీ ఇందులోనే వేశాను. బీఎడ్ చదువుతున్నప్పుడు ఈఎంఐ కూడా వేరే దగ్గర్నుంచి తేలేదు, ఇందులో మిగులుగా ఉన్నదే సరిపోయింది. కాలేజీ ఫీజు, మధ్యలో మామగారి కంటి ఆపరేషన్ ఖర్చు కూడా ఇందులోంచే తీశాం. మామూలు లోన్‌లో ప్రీపేమెంట్ చేసి (గడువుకి ముందే కట్టేసి) ఉంటే ఆ ఆపరేషన్‌కి పర్సనల్ లోన్‌కో, బంగారం తాకట్టుకో వెళ్లాల్సి వచ్చేది.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. రేటు మామూలు హోమ్ లోన్ కన్నా కొంచెం ఎక్కువ వేస్తారు. తేడా చిన్నదే కనిపిస్తుంది కానీ అది మొత్తం బాకీ మీద, అందుకని ఖాతాలో పక్కన పెట్టడానికి చెప్పుకోదగ్గ డబ్బు లేనివాళ్లకి ఇది నష్టం. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి, ఖాతాలో వేసిన మిగులు డబ్బుని అసలు కట్టినట్టు లెక్కించి పన్ను మినహాయింపు కోసం చూపించడం కుదరదు. ఏడాదికి 2 లక్షల దాకా వచ్చే వడ్డీ మినహాయింపు కూడా, వడ్డీ తగ్గితే ఆ మేరకు తగ్గుతుంది. కొత్త విధానంలో మనం ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపే లేదు, జీతమే లేని ఏడాదిలో అసలు దాని గురించి ఆలోచించక్కర్లేదు. "పన్ను కోసం లోన్ ఉంచుకోండి మేడమ్" అని బ్రాంచిలో ఒకరు గట్టిగా సలహా ఇచ్చారు, ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాక కూడా అదే మాట.

ఇంకో పెద్ద విషయం, దీన్ని ఉద్యోగంలో ఉండగానే తీసుకోవాలి. మామూలు లోన్ నుంచి ఓవర్‌డ్రాఫ్ట్‌కి మారడం, వేరే బ్యాంకుకి మార్చుకోవడం, వీటికి మామూలుగా జీతం రుజువులు అడుగుతారు. రిజైన్ చేశాక బ్యాంకుని ఒప్పించడం కష్టం. ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ముందే తీసుకోండి, లేకపోతే ఖాతాలో పెట్టిన డబ్బంతా ఒక్క హాస్పిటల్ బిల్లుకి పోతుంది.

ఓవర్‌డ్రాఫ్ట్ దొరకక మామూలు లోన్‌లోనే ఉన్నవాళ్లకి ఒక మాట. ప్రీపేమెంట్ చేసినప్పుడు గడువు తగ్గించుకోమని అందరూ చెప్తారు. పైన చెప్పిన ఉదాహరణలో 35 లక్షల 25 వేల బాకీలో 5 లక్షలు కడితే గడువు 44 నెలలు తగ్గి వడ్డీ 10 లక్షల పైన మిగులుతుంది. అదే గడువు ఉంచి ఈఎంఐ తగ్గించుకుంటే మిగిలేది 4 లక్షల లోపే, కాబట్టి స్థిరమైన జీతం ఉంటే వాళ్ల సలహా సరైనదే. కానీ ఈఎంఐ నెలకి దాదాపు 4,900 తగ్గుతుంది, జీతం పడిపోయే ఏడాదిలో నిజంగా పనికొచ్చేది అది. మా చెల్లెలు డిజైనింగ్‌లోకి మారేటప్పుడు ఈఎంఐ తగ్గించుకోమనే చెప్పాను, పని బాగా దొరికిన నెలల్లో పైన కొంచెం కొంచెం కడుతోంది. మారే రేటు మీద తీసుకున్న ఇంటి లోన్‌ని ముందుగా తీర్చినందుకు బ్యాంకులు చార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది, ఎవరైనా అడిగితే కట్టకండి.

చివరికి లోన్ క్లోజ్ చేసిన సంగతి. టీచర్‌గా చేరాక ఊళ్లో ఉన్న చిన్న స్థలం అమ్మి, ఖాతాలో ఉన్నదానికి కలిపి మొత్తం తీర్చేశాం. డబ్బు తీసుకోవడం నిమిషాల్లో అయిపోయింది, ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వడానికి మాత్రం "సెంట్రల్ ఆఫీసు నుంచి రావాలి, వచ్చే వారం రండి" అనే మాటే మళ్లీ మళ్లీ విన్నాను. మీకు ఇలా జరిగితే గుర్తుంచుకోండి: 2023 సెప్టెంబరు 13 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం పూర్తిగా తీర్చిన 30 రోజుల్లోపు ఒరిజినల్ కాగితాలన్నీ ఇచ్చేయాలి, ఆస్తి మీద రిజిస్టర్ అయిన చార్జీ (అప్పు కోసం బ్యాంకుకి రాసిచ్చిన హక్కు) కూడా తీసేయించాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మనకి ఇవ్వాలి. ఈ సర్క్యులర్ తేదీ వేసి, మర్యాదగానే, బ్రాంచి మేనేజరుకీ కస్టమర్ కేర్‌కీ మెయిల్ పెట్టాను. కాగితాలు వచ్చేశాయి. మెయిల్‌కి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు.

కాగితాలు చేతికొచ్చినంత మాత్రాన అయిపోలేదు. లోన్ తీసుకున్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రిజిస్టర్ అయి ఉంటే బ్యాంకు వాళ్లు వచ్చి రిలీజ్ చేయించాలి, లేకపోతే ఈసీలో (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపించే సర్టిఫికెట్‌లో) అప్పు అలాగే కనిపిస్తూ ఉంటుంది, రేపు అమ్మాలన్నా పిల్లల పేరు మీద పెట్టాలన్నా అడ్డమే. మా బ్రాంచిలో దీని గురించి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, నేను అడిగాకే తేదీ ఇచ్చారు. తర్వాత కొత్త ఈసీ తీసి చూసుకున్నాను. సెర్సాయిలో (తనఖాలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీలో) చార్జీ తీసేశారా, సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చరిత్ర చూపించే రిపోర్టులో) క్లోజ్డ్ అని పడిందా అన్నవి కూడా చూసుకోవాలి. లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ పాలసీ ఉంటే మిగిలిన కాలానికి ఎంత వెనక్కి వస్తుందో ఆ కంపెనీని అడగండి, దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి, బ్యాంకు మన తరఫున పెట్టదు.