ఎండిన టండ్రా, తడిసిన పీట్ నేల: దేనికి ఎక్కువ భయపడాలి?

ఉత్తర అలాస్కా టండ్రాలోనూ (చెట్లు లేని చలి మైదానం), స్వీడన్‌లో అబిస్కో దగ్గరి స్టోర్డాలెన్ పీట్ నేలలోనూ (సగమే కుళ్లిన మొక్కలు పేరుకుపోయిన నేల) ఏళ్ల తరబడి గడ్డకట్టిన నేల కరుగుతోంది. బయటికొచ్చే వాయువులు మాత్రం వేరు.

టండ్రాలో నీరు ఇంకిపోయి పొడిబారిన చోట గాలి లోపలికి చేరుతుంది. ఎన్నో ఏళ్ల నాటి వేర్లు, ఆకులు కుళ్లి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎండితే నిప్పు భయం కూడా. 2007లో అలాస్కాలోని అనక్టువుక్ నది దగ్గర వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా తగలబడి, సుమారు 21 లక్షల టన్నుల కార్బన్ గాల్లో కలిసింది.

స్టోర్డాలెన్‌లో అడుగున గడ్డకట్టిన నేల కరిగి పీట్ దిబ్బలు కుంగుతాయి, నీళ్లు నిలుస్తాయి. గాలాడని ఆ బురదలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. మన చెరువు బురదలో కాలు పెడితే బుడబుడమని పైకొచ్చే బుడగల్లో ఉండేదీ అదే. పైగా అక్కడ పెరిగే దూదిగడ్డి లోపల బోలుగా ఉంటుంది, స్ట్రాలాగా మీథేన్‌ని నేరుగా గాల్లోకి వదిలేస్తుంది.

తడి నేలలో మొక్కలు ఏపుగా పెరిగి కార్బన్ పీల్చుకుంటాయి, నిజమే. కానీ టన్నుకు టన్ను చూస్తే, వందేళ్ల లెక్కలో మీథేన్‌కి భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు. అందుకే నాకు తడి నేలంటేనే ఎక్కువ టెన్షన్. మంటలు రేగిన ఏడాది మాత్రం టండ్రాదే పైచేయి: దశాబ్దాల నిల్వ ఒక్క సీజన్‌లో పోతుంది.