నులిపురుగుల మ్యాప్: అయిదు బళ్లలో యాభయ్యేసి మందా, పాతిక బళ్లలో పదేసి మందా... ఏది మేలు?

బడిపిల్లల్లో నులిపురుగుల మీద కేంద్రం వెల్లడించిన లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ రెండు తీరులుగా కనిపిస్తాయి. బాగా తగ్గించిన రాష్ట్రాల జాబితాలో తెలంగాణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2016లో 36 శాతం ఉన్నది 2019కి 34.3 శాతం దగ్గరే ఆగింది. ఛత్తీస్‌గఢ్ 2016లో 74.6 శాతం నుంచి 2018 కల్లా 13.9కి దిగింది. అందరూ మింగించింది అదే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర. జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం 2015లో మొదలైంది. ఏడాది నుంచి 19 ఏళ్ల దాకా పిల్లలందరికీ బళ్లలో, అంగన్‌వాడీల్లో ఈ మాత్ర ఇస్తున్నారు.

మరి ఆంధ్రప్రదేశ్‌లో ఎందుకు తగ్గలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఆ 34.3లో లేదు. అప్పటి పదమూడు జిల్లాలకూ కలిపిన అంకె అది. వానలకు మొహం వాచిన అనంతపురం, తడి ఆరని పాడేరు కొండలు, ఇసుక నేలల శ్రీకాకుళం తీరం, అన్నీ అందులోనే కలిసిపోయాయి. ఈ పురుగులు బతికేది సగం మనిషి కడుపులో, సగం నేలలో. ఏలికపాము (రౌండ్‌వార్మ్), కొరడాపురుగు (విప్‌వార్మ్) పెట్టే గుడ్లు తడి మట్టిలో వారాల తరబడి పండితే గానీ ఇంకొకరికి అంటవు. కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు నీడపట్టున తడి నేలలో కాచుకుని, చెప్పుల్లేని పాదాల్లోంచి లోపలికి దూరతాయి. అంటే నేల మారితే పురుగూ మారుతుంది, దాని బలమూ మారుతుంది. ఎక్కడ ఏ పురుగు ఎంత ఉందో చూపించే మ్యాప్ లేకుండా మాత్ర పంచడమంటే, అవసరం తక్కువ ఉన్నచోటా ఎక్కువ ఉన్నచోటా ఒకే మోతాదులో శ్రమ పెట్టడమే.

మ్యాప్ కావాలన్నదాంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఎలా వేయాలన్న దగ్గరే అసలు తేడా వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చిన పద్ధతి సులువైనది. వాతావరణం, నేల ఒకేలా ఉన్న ప్రాంతాన్ని ఒక ముక్కగా తీసుకోవాలి. అందులో అయిదు బళ్లు ఎంచి, బడికి 50 మంది చొప్పున 250 మంది పిల్లల మలం పరీక్షించాలి. వచ్చిన శాతం 20 దాటితే ఏడాదికి ఒక విడత మాత్ర, 50 దాటితే రెండు విడతలు. ఒక జీపు, ఇద్దరు ముగ్గురు ల్యాబ్ టెక్నీషియన్లు, ఒక వారం ఉంటే పని అయిపోతుంది. ఇంత తక్కువ ఖర్చుతో నడిచేది కాబట్టే ఎన్నో పేద దేశాలు ఈ సర్వేలు చేయగలిగాయి. దాన్ని తీసిపారేయలేం.

రెండో దారి కూడా అదే 250 మందితోనే. కాకపోతే 25 బళ్లకు వెళ్లి, బడికి పది మందినే తీసుకోవడం.

పైకి రెండూ సమానంగా కనిపిస్తాయి. కావు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటాం, ఎందుకంటే మెతుకులన్నీ ఒకే కుండలో ఉడుకుతున్నాయి. ఒక బడి పిల్లలు చాలావరకు ఒకే ఊరివాళ్లు. అదే చెరువుగట్టున తిరుగుతారు, అదే ఆటస్థలంలో చెప్పుల్లేకుండా ఆడతారు, ఊళ్లో మరుగుదొడ్లు ఉంటే అందరికీ ఉంటాయి, లేకపోతే చాలామందికి ఉండవు. అందుకని ఒక బడిలో పదిమందిని చూశాక పదకొండోవాడు కొత్తగా చెప్పేది తక్కువ. యాభయ్యోవాడు చెప్పేది దాదాపు ఏమీ ఉండదు. పక్క ఊరి బడిలో మొదటి పిల్లవాడు చెప్పేది మాత్రం చాలా ఉంటుంది.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. ఒకే బడి పిల్లల మధ్య పోలికను సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతతో లెక్కిస్తారు. ఉదాహరణకు అది 0.2 అనుకుందాం. బడికి 50 మందిని తీసుకుంటే, 49ని 0.2తో గుణించి ఒకటి కలిపితే 10.8 వస్తుంది. 250ని దానితో భాగిస్తే సుమారు 23. అంటే 250 నమూనా డబ్బాలు మోసినా, విడివిడిగా ఎంచిన 23 మంది ఇచ్చేంత సమాచారమే చేతికొచ్చింది. బడికి పదిమందైతే 9ని 0.2తో గుణించి ఒకటి కలిపితే 2.8, అప్పుడు 250 మంది 89 మంది పెట్టు.

ఈ తేడా మాత్రల నిర్ణయం దగ్గర ఎక్కడ తగులుతుందో చూడండి. సర్వేలో 30 శాతం వచ్చిందనుకుందాం. అయిదు బళ్ల లెక్కయితే అసలు శాతం దాదాపు 11 నుంచి 49 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే మాత్రే అక్కర్లేని ప్రాంతం కావచ్చు, రెండు విడతలు కావలసిన హద్దుకు ఆనుకున్న ప్రాంతమూ కావచ్చు. పాతిక బళ్ల లెక్కయితే అదే 30 శాతం సుమారు 20 నుంచి 40 మధ్యకు వస్తుంది. ఏడాదికి ఒక విడత అని ధైర్యంగా చెప్పొచ్చు. నా ఓటు పాతిక బళ్లకే అనడానికి ఈ ఒక్క లెక్క చాలు. పైగా పాతిక బళ్లకు వెళ్తే, ఒక మూల రెండు మూడు ఊళ్లలోనే పురుగు గూడు కట్టుకుని ఉంటే అదీ కంటబడే అవకాశం పెరుగుతుంది. అయిదు బళ్లలో అది తగలకపోవచ్చు, తగిలితే ప్రాంతమంతా అలాగే ఉందని పొరబడొచ్చు.

పాతిక బళ్ల దారికి ఉన్న కష్టాన్ని దాచిపెట్టను. మలం నమూనా అడిగిన వెంటనే దొరికేది కాదు. ముందురోజు డబ్బాలు ఇచ్చి, పేరు రాసిన చీటీలు అంటించి, మర్నాడు పొద్దున్నే వెళ్లి తెచ్చుకోవాలి. అంటే ఒక్కో బడికి రెండుసార్లు ప్రయాణం. ఏజెన్సీలో అయితే ఘాట్ రోడ్డు మీద రెండుసార్లు. దానికి తోడు కాటో-కాట్జ్ పరీక్షకు గడియారంతో పందెం ఉంది. జపాన్‌కు చెందిన కాటో, బ్రెజిల్‌కు చెందిన కాట్జ్ పేర్లు కలిసిన ఈ పద్ధతిలో 41.7 మిల్లీగ్రాముల మలాన్ని స్లయిడ్ మీద పెట్టి, గ్లిజరిన్‌లో నానబెట్టిన సెల్లోఫేన్ ముక్క కప్పి నొక్కుతారు. మైక్రోస్కోప్‌లో కనిపించిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాము మలంలో ఎన్ని గుడ్లో తెలుస్తుంది. ఏలికపాము గుడ్లు రోజుల తరబడి చెక్కుచెదరవు. కొంకిపురుగు గుడ్లు మాత్రం గ్లిజరిన్‌లో కరిగిపోయినట్టు మాయమవుతాయి, గంటలోపే చూసేయాలి. పది ఊళ్లు తిరిగి సాయంత్రం తీరిగ్గా స్లయిడ్లు చూసే బృందానికి కొంకిపురుగే లేదన్న తప్పుడు మ్యాప్ వస్తుంది.

ఈ చిక్కు విడదీయరానిది కాదు. ముందురోజు డబ్బాలు పంచడానికి జీపు అక్కర్లేదు. ఆ ఊళ్లోనే ఏఎన్ఎం ఉంటుంది, ఆశా కార్యకర్త ఉంటుంది, హెడ్‌మాస్టరు ఉంటారు. మాత్రల రోజున పని చూసేది వాళ్లే కదా. బృందం మర్నాడు ఒక్కసారి వెళ్తే చాలు. నమూనాలను చల్లగా ఉంచి దగ్గరి పీహెచ్‌సీకి తెచ్చి, అక్కడే స్లయిడ్ వేసి అక్కడే చూడాలి. స్లయిడ్ వేసిన క్షణం నుంచే గంట లెక్క మొదలవుతుంది కాబట్టి, చూసేవాళ్లు సిద్ధంగా ఉన్నప్పుడే వేయాలి.

పరీక్ష ఏది మేలన్నది ఇంకో వాదన. పీసీఆర్ అయితే డీఎన్‌ఏను పట్టేస్తుంది, కడుపులో పురుగులు రెండో మూడో ఉన్నా దొరుకుతాయి. నమూనాను ఇథనాల్‌లో నిలవ చేయొచ్చు, గడియారంతో పందెం ఉండదు. తమిళనాడు గ్రామాల్లో జరిగిన డీవార్మ్3 పరిశోధనలో పురుగు అంటుకోవడమే ఆగిపోయిందా అని తేల్చడానికి దీన్నే వాడారు. కానీ దానికి మంచి ల్యాబ్ కావాలి, డబ్బు కావాలి. నా లెక్కలో పురుగు ఎక్కువ ఉన్నచోట కాటో-కాట్జే సరిపోతుంది. మూడోవంతు పిల్లల్లో పురుగులున్న చోట సూక్ష్మంగా వెతకాల్సిన పని లేదు. పైగా గుడ్ల లెక్క వల్ల ఎవరి కడుపులో భారం ఎక్కువో తెలుస్తుంది. రక్తహీనతకు దారితీసేది ఆ భారమే. గ్రాముకు 4,000 కొంకిపురుగు గుడ్లు దాటితే తీవ్రమైనదిగా లెక్క. రాజస్థాన్ సంగతి వేరు. 2013లో 21.1 శాతం ఉన్నచోట ఏటా ఒక్క విడతే ఇచ్చి, 2019 కల్లా ఒక శాతం లోపుకు దింపారు. అలాంటి చోట మాత్ర ఆపాలా వద్దా తేల్చడానికి మైక్రోస్కోప్‌ను నమ్ముకోలేం, పీసీఆర్ ఖర్చు అక్కడ దండగ కాదు.

ఉపగ్రహం ఇచ్చే ఉష్ణోగ్రత, వర్షపాతం, నేల తడి లెక్కలతో కంప్యూటర్ మీద వేసే మ్యాపులు కూడా ఉన్నాయి. మరీ వేడిగా, పొడిగా ఉండి పురుగు బతకలేని ప్రాంతాలను ముందే పక్కన పెట్టడానికి అవి బాగా పనికొస్తాయి. ఊళ్లో మరుగుదొడ్డి వాడుతున్నారో లేదో ఉపగ్రహానికి కనబడదు కాబట్టి, మాత్ర ఎన్ని విడతలో దాన్నిబట్టి నిర్ణయించడం తప్పు.

టీచర్ల చేత పిల్లలను ప్రశ్నలడిగించడం అన్నిటికన్నా చవక. టాంజానియాలోని కిలోసాలో 1980లలో మూత్రంలో రక్తం పడుతోందా అని బడిపిల్లలను అడిగి మూత్రాశయ షిస్టోసోమియాసిస్ (నీటి నత్తల ద్వారా అంటే పురుగు జబ్బు) ఉన్న ఊళ్లను గుర్తించగలిగారు. ఆ జబ్బు కంటికి కనబడుతుంది. కొంకిపురుగు, కొరడాపురుగు అలా కనబడవు కాబట్టి మనకది పనికిరాదు.

ఏ దారి ఎంచుకున్నా రెండు షరతులు నాకు ముఖ్యమనిపిస్తాయి. ఒకటి, ఫలితాన్ని రాష్ట్రం మొత్తానికి ఒక్క అంకెగా కుదించకుండా, ఒకే నేల, ఒకే వాన ఉన్న మండలాల గుంపుకు విడిగా, ఏ పురుగు ఎంతో విడిగా చెప్పాలి. ఒక్క మాత్ర ఆల్బెండజోల్‌కు ఏలికపాము బాగా లొంగుతుంది, కొరడాపురుగు అంతగా లొంగదు. మొత్తం శాతం తగ్గనిచోట మాత్ర అందడంలేదా, అందినా లొంగని పురుగే మిగిలిందా అన్నది అప్పుడే తేలుతుంది. రెండోది, నమూనాలు తీసే రోజు. మాత్ర వేసిన కొద్ది వారాలకే సర్వే చేస్తే అంకె అందంగా వస్తుంది. తర్వాతి విడతకు సరిగ్గా ముందు తీయాలి. ఫిబ్రవరి 10 విడత ఉంటే జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక పిల్లలంతా బడికి తిరిగొచ్చిన వారంలో.